పదివేల ఒకటో టైలు

మా తాపీమేస్త్రి బావ నోరు ఊరుకునే రకం కాదు. ఆరోజు మాత్రం చెమటలు కక్కుతూ సుద్దముక్కతో నేలమీద లెక్కలు వేస్తూనే ఉన్నాడు. ఇంటి యజమాని పెద్దాయనగారి భార్య పోయేలోగా చేత్తో చేసిన టైల్స్ పదివేల ఒకటి. గోడమీద వరుసలన్నీ సమానంగా రావాలి, ఒక్కటీ మిగలకూడదు. సాయంత్రానికి లెక్క కుదరకపోతే పని వేరే మేస్త్రికి.

"ఒకటి తీసెయ్ బావా, వంద వరుసలు, వరుసకి వంద!" అన్నాను.

"నోర్ముయ్యవే పంతులమ్మా! ఆవిడ చేసినవాటిలో ఏది పారెయ్యను?"

మూడు, ఏడు, పదకొండు... దేనితో భాగించినా శేషమే. ఇది ప్రధాన సంఖ్యైతే వరుసలే పడవు! పెద్దాయన గడియారం చూసుకుని లేచాడు. డెబ్భైమూడు దగ్గర బావ సుద్దముక్క ఆగింది.

"డెబ్భైమూడు వరుసలు, వరుసకి నూటముప్పయ్యేడు. ఒక్కటీ మిగల్లేదు బాబాయిగారూ!"

పెద్దాయన కుర్చీలో కూలబడి, "మొదటిది నేనే అతికిస్తా" అన్నాడు.