బద్యా చెక్కబండి

టేకు వాసన నాకు అర కిలోమీటరు నుంచే తెలుస్తుందని మా రేంజి ఆఫీసులో ఒక వేళాకోళం ఉంది. ముక్కు సంగతేమో గాని కోపం మాత్రం నాకు ముందే వచ్చేస్తుంది. ఫారెస్టులో ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసు. దొంగ కలప పట్టుకున్న ప్రతిసారీ అవతలివాడు ఒకటే మాట చెప్పాడు: "పాత ఇంటి చెక్క సార్." ఈ అడవి అంచున నిన్న కొట్టిన పచ్చి దుంగ కూడా పాత ఇంటి చెక్కే. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

అలాంటి నేను బద్యా గురించి రాయడానికి కూర్చోవడం చూసి మా ఆవిడ యశోద నవ్వుతోంది. నవ్వనీ.

ములకలపల్లి మండలంలో అడవిని ఆనుకుని ఉన్న తండా బద్యాది. వయసు అరవై నాలుగు. ఆర్టీసీ డిపోలో శ్రామిక్‌గా చేరి మెకానిక్‌గా రిటైరయ్యాడు. ముప్పై మూడేళ్ళు బస్సుల కింద పడుకున్నవాడు ఆ తర్వాతైనా మంచం మీద పడుకోవాలి కదా. ఇతను మళ్ళీ బండి కిందికే దూరాడు.

పిచ్చి చిన్నప్పటిది. తొమ్మిదేళ్ళ వయసులో పశువులు కాస్తుంటే, వెదురు కాంట్రాక్టరు ఒకాయన కారు ఆ దారిన వెళ్ళిందట. దేశానికి స్వాతంత్ర్యం రాకముందు తయారైన ఫోర్డు వ్యాగన్. ముందు భాగం ఇనుము, వెనక భాగమంతా చెక్క. తలుపులు, కిటికీ చట్రాలు, కప్పు పట్టీలు అన్నీ వార్నిషు పెట్టి నిగనిగలాడుతున్నాయి. "ఇల్లే నడిసి పోతున్నదనుకున్న సార్," అని చెప్పాడు నాకు. పశువుల్ని వదిలేసి దాని వెంట వాగు దాకా పరిగెత్తాడు. పశువులు జొన్న చేలో పడ్డాయి. తండ్రి హాతీరాం వీపు చిట్లగొట్టాడు. దెబ్బలు మానాయి గాని బండి పిచ్చి మానలేదు.

డిపోలో పని చేస్తూనే పాత స్కూటర్ ఇంజనుతో మూడు చక్రాల బండి ఒకటి చేశాడు. అది ముందుకంటే వెనక్కి బాగా పోయేది. పొలానికి నీళ్ళు తోడే ఆయిల్ ఇంజను తగిలించి ఒక జీపు చేశాడు. దాని చప్పుడుకు తండా కోళ్ళన్నీ వారం పాటు గుడ్లు పెట్టడం మానేశాయని అతని భార్య ద్వాలి ఇప్పటికీ దెప్పుతుంది. ఊళ్ళో నవ్వారు. అతను కూడా వాళ్ళతో కలిసి నవ్వి, మర్నాడు మళ్ళీ స్పానర్ పట్టుకునేవాడు.

రిటైరైన ఏడాదే ఆ కాంట్రాక్టరు వ్యాగన్ కనబడింది. మూతబడ్డ రైసు మిల్లు వెనక పిచ్చిచెట్ల మధ్య చాసిస్, బానెట్, ముందు మడ్‌గార్డులు మిగిలి ఉన్నాయి. చెక్కంతా చెదలు తినేశాయి. తూకానికి అమ్ముతుంటే కొని ట్రాక్టరు మీద ఇంటికి తెచ్చుకున్నాడు. అంబాసిడర్ డీజిల్ ఇంజను పెట్టాడు. బస్సు స్ప్రింగు పట్టీలు కోసి సరిపెట్టాడు. బ్రేకులకు, స్టీరింగుకు రెండేళ్ళు పట్టింది. "సవతే వస్తే ఇంత అన్నం పెట్టి ఊకుందును, దీనికి ఆయిలు గూడ పొయ్యాలె," అనేది ద్వాలి.

ఇక చెక్క కావాలి. ఇంటి వెనకే అడవి, అడవి నిండా టేకు. అందులో పుల్ల ముట్టుకుంటే కేసు. ఆ సమయానికే సర్కారు స్కీములో కొత్త ఇల్లు శాంక్షనై, హాతీరాం కట్టిన పెంకుటిల్లు కూల్చారు. అందులో టేకు ద్వారబంధం, తలుపులు, దూలాలు ఉన్నాయి. ఆ ద్వారబంధం కొత్తింటికి పెట్టించాలని ద్వాలి ఆశ. బద్యా అడగలేదు, మూడు రోజులు అన్నం సగమే తిన్నాడు. నాలుగో రోజు ద్వాలి, "తీస్కపో, నీ బండికే పెట్టుకో," అంది. కొత్తింటికి ఇనుప తలుపు వచ్చింది. ఆ చెక్కతో బండి వెనక భాగమంతా కట్టడానికి ఇంకో మూడేళ్ళు పట్టింది.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. నాకు ముందు వచ్చింది ఫోను. తండాలో ఒకడు టేకుతో కారు చేస్తున్నాడని ఎవరో చెప్పారు. మా వాచర్ హేమ్లాను వెంటబెట్టుకుని పొద్దున్నే వెళ్ళాను.

బద్యా మమ్మల్ని చూసి భయపడలేదు, సంబరపడ్డాడు. బండి చూడటానికి వచ్చామనుకున్నాడు. నిజం చెప్పాలి, చూడగానే నా కోపం ఒక నిమిషం ఆగింది. ఇప్పనూనె పట్టించిన చెక్క, తేనె రంగు, ఎక్కడా వంక లేని అతుకులు. నేను చెయ్యి పెట్టి నిమురుతుంటే అతను మీసం దువ్వాడు.

"మంచిగ సూడుండ్రి సార్. ఒక్క పాత మేకు బెజ్జం దొరికితే ఈ మీసం తీసేస్త. అంతట రందా కొట్టిన, బెజ్జాలన్ని పొట్టు పెట్టి మూసిన."

గంటసేపు చూశాను. మీసానికి ఢోకా లేదు. ఒక్క బెజ్జం లేదు, మసి లేదు, రంగు మరక లేదు. పాతదనమంతా చిత్రిక పట్టి పారేశాడు. అప్పుడు అడిగాను, ఈ చెక్క ఎక్కడిదని.

"పాత ఇంటి చెక్క సార్."

నా ఒళ్ళు మండింది. "పాత ఇంటి చెక్కకు పాత గుర్తులుండాలి. ఉన్నాయా? కాగితం ఉందా?"

"లేదు సార్. ఇంటి తలుపుకు కాయితం ఎవరి దగ్గర ఉంటది?"

కలపతో పాటు కలప ఎక్కిన బండిని కూడా పట్టుకోవచ్చు. ఇక్కడ బండే కలప. రేంజి ఆఫీసు ఆవరణకు తోలించాలని చెప్పాను. అక్కడ పట్టుకున్న బండ్లు ఎన్నో ఉన్నాయి, వానకు నాని, తీగలు అల్లుకుని. కేసు తేలేసరికి వాటిలో చక్రాలు కూడా మిగలవు. ఆ సంగతి బద్యాకూ తెలుసు. మొహం పాలిపోయింది. "ఈయన గట్ల చేసేటోడు కాదు సార్," అని హేమ్లా గొణిగాడు. నువ్వూరుకో అన్నాను.

ఇంట్లోంచి ద్వాలి వచ్చింది. మా మాటలన్నీ విన్నట్టుంది.

"నోరు పడిపోయిందా నీకు? పైసా ముచ్చట చెప్పవేంది?"

"వద్దు ద్వాలీ," అన్నాడు బద్యా.

ఆమె వినలేదు, నా వైపు తిరిగింది. ద్వారబంధం నిలబెట్టిన రోజు హాతీరాం దాని పై చెక్కకు గుంట తొలిచి, నిజాం కాలపు రాగి పైసా ఒకటి అందులో పెట్టి, పైన చెక్క బిళ్ళ కొట్టి మూశాడట. ఆ పైసా ఎల్తురు చూస్తే ఇల్లు పడిపోయినట్టే అని కొడుక్కి చెప్పి పోయాడట. గోడలు కూల్చినప్పుడు బద్యా పైసా తీయలేదు. ఆ పై చెక్కే ఇప్పుడు బండిలో డ్రైవరు తల మీది అడ్డపట్టీ. అంటే బద్యా మనసులో తండ్రి కట్టిన ఇల్లు ఇంకా పడలేదు.

"ఎక్కడుందో చూపించు. ఉంటే వెళ్ళిపోతాను," అన్నాను.

"బండి తీస్కపోండ్రి సార్. పైసా మాత్రం తియ్య," అన్నాడు బద్యా.

నాటకమనుకున్నాను. ఆరేళ్ళ చాకిరీ వదులుకుంటాడు గాని ఒక రాగి పైసా తీయడట. కానీ అతను బండి వైపు చూడటం కూడా మానేశాడు. మనిషి నటిస్తే అలా ఉండదు.

ద్వాలి ఉలి, సుత్తి తీసుకుని బండి మెట్టెక్కింది. "మామకు నేను జవాబు చెప్పుకుంట. ఇల్లు పడితే మళ్ళ నిలబెట్టుకుందం. ఈ బండి పోయినంక నువ్వు గోడకు కూసుంటవు. గది నేను సూడలేను." తర్వాత ఆగిపోయింది. బిళ్ళ ఎక్కడుందో ఆమెకు కనబడలేదు. అతని పనితనం అలాంటిది. "యాడున్నదో చెప్పు," అంది.

చివరికి బద్యా దగ్గరికి వచ్చి, కళ్ళు మూసుకుని, ఒకచోట వేలు పెట్టాడు.

ద్వాలి మూడు దెబ్బలు కొట్టింది. మూడో దెబ్బకు యాభై ఏళ్ళు ఎండిన టేకు ఆ కొస నుంచి ఈ కొస దాకా పగిలింది. పైసా నల్లగా బయటపడింది. దాని చుట్టూ చెక్క ఆకుపచ్చగా మారి ఉంది. గోటితో గీరాను, రాగి చిలుము నారలోపలికి దిగిపోయింది. అలా దిగాలంటే ఒక మనిషి జీవితమంత కాలం పడుతుంది. ఎవరూ నిన్న పెట్టలేరు.

పాత ఇంటి కలప అని నా చేత్తో రాసి సంతకం పెట్టాను. బద్యా పగిలిన చెక్క రెండు ముక్కల్నీ కలిపి పట్టుకుని చూస్తున్నాడు, అతుకుతాయేమో అన్నట్టు. తప్పయిందని అందామనుకున్నాను. నోరు రాలేదు. "ఇంకో చెక్క పెట్టుకో," అన్నాను.

"యాడికెళ్లి తేవాలె సార్?" అన్నాడు. కోపంగా కాదు, మామూలుగానే అడిగాడు. అతని వెనక అడవి, ఎక్కడ చూసినా టేకు చెట్లు. నేను జీపెక్కాను.

ఆదివారం ఖమ్మంలో మా ఇంట్లో కూర్చున్నాను. మా ఇల్లు నేనే కట్టించాను. తలుపులు టేకు, కిటికీలు టేకు, వరండాలో ఊయల దూలం టేకు. ఆ చెక్క ఒక టింబర్ డిపో ఆయన పంపాడు. బిల్లుందా, పర్మిటుందా అని నేను అడగలేదు. ఫారెస్టు ఆఫీసరు ఇంటి చెక్కకు కాగితం అడిగేదెవరు? ఆ రోజు మొదటిసారి సిగ్గేసింది. పట్టపగలు మేస్త్రీని పిలిచి ఊయల దూలం దింపించాను.

"మతి గిట్ల పోయిందా? ఎవరిల్లు కడుతున్నారిప్పుడు?" అంది యశోద.

"హాతీరాందని ఒకాయన ఇల్లు," అన్నాను.

కోయించిన ముక్కను బస్సులో వేసుకుని వెళ్ళాను. దారిలో మా చెక్‌పోస్టు. బస్సు ఎక్కి చూసిన కుర్ర బీట్ ఆఫీసరు నా కాళ్ళ దగ్గరి టేకును, నా మొహాన్ని చూసి సెల్యూట్ కొట్టి దిగిపోయాడు. తిట్టబోయి ఊరుకున్నాను.

బండి పై అడ్డపట్టీ లేకుండా అలాగే ఉంది. ద్వాలి నా చేతిలో చెక్క చూసి, కొంగుముడి విప్పి పైసా తీసి మొగుడి పక్కన పెట్టింది. బద్యా చెక్కను వేలితో కొట్టి విన్నాడు. కొసను గోటితో గీరి వాసన చూశాడు.

"మంచి టేకు సార్. కాయితం ఉన్నదా?"

ఎత్తిపొడుస్తున్నాడేమోనని మొహంలోకి చూశాను. కాదు, నిజంగానే అడుగుతున్నాడు. రేపు ఇంకొకరు వస్తే చూపించాలి కదా.

"లేదు," అన్నాను. ఇన్నేళ్ళూ ఆ మాట ఎదుటివాళ్ళ నోట వినడమే గాని నేను అనడం అదే మొదలు.

అతను చెక్కను బండి మెట్టు మీద ఆనించాడు. తర్వాత, రెండో కొస గట్టిగా పట్టుకోమని నాకు చెప్పి రంపం అందుకున్నాడు.