శనివారం ఫైలు

సోమవారం పొద్దున్నే టొంగా దీవుల్లోని వవావు రేవు గదిలో కలొలైనె పని తలకిందులైంది. పడవలకు అలల హెచ్చరికలు పంపే పని ఆమెది. దానికో చిన్న ప్రోగ్రాం తనే రాసుకుంది. ఫైలు ఎంచుకోవడం, బటన్ నొక్కడం, అంతే, అన్ని పడవలకూ కబురు పోతుంది. నాలుగు నెలలు ఒక్క పేచీ పెట్టలేదు. ఎందుకు పెడుతుంది మరి, రోజూ సాయంత్రం దాన్ని మూసేశాకే ఇంటికి పోయేదాయె. మొన్న శనివారం మాత్రం ఆదివారం విందుకు పొయ్యిగుంటలో కాల్చే చేమదుంపలు తవ్వాలన్న హడావిడిలో తెరిచే వదిలేసింది. ఆదివారం టొంగాలో పని నిషిద్ధం, ముట్టుకునేదెవరు?

ఇవాళ సోమవారం ఫైలే ఎంచుకుంది. తెర మీద పేరూ సోమవారందే. నొక్కింది. తన ఫోనుకొచ్చిన నకలు చూస్తే "సముద్రం ప్రశాంతం" అని ఉంది. అది శనివారం మాట. ఇవాళ్టి ఫైల్లో ఉన్నది నాలుగు మీటర్ల అలలు, ఎవరూ కదలొద్దని. పేరు మార్చడం తెరకు నేర్పింది గానీ, కబురు పంపే ఫంక్షన్‌కు కొత్త ఫైలు అందించడం మరిచింది మహాతల్లి. అదేమో మొదట చేతికిచ్చిన ఫైలునే పట్టుకు కూర్చుంది.

ప్రోగ్రాం మూసి, తెరిచి, మళ్ళీ పంపింది. అన్ని పడవలూ ఆగాయి, ఒక్కటి తప్ప. అది అప్పటికే ఫోను అందని దూరం పోయింది. అందులో ముప్పై మంది. నడిపేది ఆమె అన్న పయేయా.

రేడియో అందుకుంది. పలికింది పడవలో పనిచేసే మోసెసె.

"వెనక్కి రమ్మను. అలలు లేస్తున్నాయి."

"ఇందాకేగా అక్కా ప్రశాంతమన్నావు? నిన్నటి దుంపల మత్తు దిగలేదా? ఇదిగో, పగడపు దిబ్బ దాటబోతున్నాం."

దిబ్బ దాటితే పెద్ద సముద్రమే. పెద్దయ్యాక ఆమె అన్నతో నేరుగా మాట్లాడి ఎరగదు, అక్కడ అన్నాచెల్లెళ్ళ మధ్య అది మర్యాద. ఏ మాటైనా మోసెసె నోటి మీదుగానే. పైగా ఆ రేడియోను రేవంతా వింటోంది.

"రేడియో ఆయన చెవి దగ్గర పెట్టు," అంది. "అన్నయ్యా, నేను. తప్పు నాదే. పంపింది శనివారం ఫైలు. నీకు దండం పెడతా, దాటకు."

రేడియో గరగరలాడితే శబ్దం పెంచింది. ఆమె కళ్ళు మూసుకుంది.

ఆఖరికి మోసెసె పలికాడు. ఈసారి గొంతులో వేళాకోళం లేదు.

"తిప్పేశారక్కా. ఇక్కడింకా అలలేం లేవు. అయినా చెల్లెలే నేరుగా నాతో నోరు తెరిచిందంటే చాలు అన్నారు."