ఊరంతా పొయ్యి ఆర్పిన ఆదివారం

ఆదివారం పొద్దున నిద్ర సగం తేలి సగం మునిగి ఉన్నప్పుడు కిటికీలోంచి పిడకల పొగ వాసన వచ్చింది. మా వీధిలో ఇప్పుడు రకరకాల వాసనలున్నాయి, మూలమీది బేకరీది, మురుగు కాలువది, గాలి మళ్ళినప్పుడు కంపెనీలది. పిడకల పొగ మాత్రం ఏ ఇంటినుంచీ రాదు, పిడకలు కొట్టడానికి ఖాళీ గోడ లేదు, ఎక్కడన్నా ఖాళీ గోడ కనబడితే ప్లాట్లమ్మేవాళ్ళు ఫోను నంబరు రాసేస్తారు. కలలోది కాబోలనుకుని దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాను. దుప్పటి కిందికి కూడా వచ్చింది, కొంచెం తీపీ కొంచెం ఘాటూ కలిసిన ఆ వాసన, దాని వెంట మా నాయనమ్మ వచ్చింది, మా చెలక వచ్చింది, శ్రావణం వచ్చింది.

పటాన్‌చెరు నుంచి లోపలికి, కాజీపల్లి దాటి వచ్చే తొవ్వ మీద మా ఊరు. ఇప్పుడు దాన్ని ఊరంటే మా పిల్లలు నవ్వుతారు, కాలనీ అంటారు. నా చిన్నప్పుడు అది అటు ఊరూ కాదు, ఇటు పట్నమూ కాదు. పొద్దున్నే కోడి కూసేది, కాసేపటికి మందుల కంపెనీ సైరన్ కూసేది, మా నాయనమ్మ నర్సమ్మ రెంటినీ ఒకే నమ్మకంతో వినేది. మొదటిదానికి లేచి వాకిట్లో సాన్పి చల్లేది, రెండోదానికి బియ్యం నానబోసేది. మగవాళ్ళలో సగం మంది నాగలి వదిలి సైకిలెక్కారు, వాళ్ళ షర్టులను ఉతుకుతుంటే వడ్ల దుమ్మూ మందుల వాసనా కలిసి వచ్చేవి. బీహారు నుంచీ ఒడిశా నుంచీ పనికి వచ్చినవాళ్ళ కోసం బర్రెల కొట్టాలు పీకి రేకుల గదులు కట్టారు, మా పెరట్లో కూడా ఒకటి కట్టారు, అందులో రామ్‌ప్రవేశ్ అనే సన్నటి బీహారు పిల్లగాడు ఉండేవాడు. ఇరవై ఏళ్ళుంటాయేమో, నైట్ షిఫ్టు దిగి వచ్చి స్టవ్వుకు పంపు కొడుతూ ఏదో పాడుకునేవాడు, నేను తలుపు దగ్గర నిలబడితే వేయించిన శనగపిండిలో బెల్లం కలిపి అరచేతిలో పెట్టేవాడు. నాయనమ్మకు ఆ పేరు నోరు తిరగక పరవేశు అనేది, నేను పరవేశు కాక అనేదాన్ని.

రాఖీ పున్నానికి ముందు వచ్చే ఆదివారం మా ఊరు వంటలకు పోయేది. వంటలకు పోవడమంటే, ఆ రోజు పొద్దుగూకే దాకా ఊళ్ళో ఏ ఇంట్లోనూ పొయ్యి ముట్టించకూడదు, మనిషన్నవాడు ఊళ్ళో ఉండకూడదు. తలుపులకు వేపమండలు చెక్కి, గిన్నెలూ కోళ్ళూ ముసలివాళ్ళూ పసిపిల్లలూ బండ్లెక్కి, ఊరి తొవ్వకు తుమ్మకంప అడ్డం వేసి, అందరూ ఊరవతలి మా మెట్టచేనుకు, మా చెలకకు తరలి వచ్చేవాళ్ళు, అన్నం వాసన ఎటు పోతుందో తెలిసిన కుక్కలు బండ్ల వెనకే వచ్చేవి. ఊరు ఏడాదికి ఒక్క పూటన్నా వట్టిగా ఉండి ఊపిరి తీసుకోవాలని, అప్పుడు ఊరిని పట్టుకున్న రోగమూ కరువూ మనుషులు లేని ఇళ్ళల్లో తిరిగి తిరిగి విసుగొచ్చి వెళ్ళిపోతాయని నాయనమ్మ చెప్పేది. చెలకలో మోదుగ చెట్ల కింద మొదటి పొయ్యి మాది. ఇంటి పెద్దకొడుకు, అంటే మా నాయన, మూడు రాళ్ళు పెట్టాలి, నాయనమ్మ మైసమ్మకు మొక్కి నిప్పు ముట్టించాలి, ఆ నిప్పు పంచుకుని మిగతా ఇళ్ళవాళ్ళు పొయ్యిలు వెలిగించుకోవాలి. సాయంత్రం మళ్ళేటప్పుడు ఎవరి కుండపెంకులో వాళ్ళు ఇన్ని కణికెలు పోసి బూడిద కప్పి తీసుకుపోవాలి, ఇంట్లో మళ్ళీ పొయ్యి రాజేది ఆ నిప్పుతోనే.

ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే ఆ పగలు నా చుట్టూ పరుచుకుంటుంది. మబ్బుల నీడలు మక్కచేను మీదుగా జరిగి జరిగి మా మీదికి వచ్చి, కాసేపు చల్లగా నిలబడి, అవతలి గట్టు ఎక్కేవి. ఒక పొయ్యి మీద గారెలు, ఒక పొయ్యి మీద బెల్లపన్నం, ఎక్కడో కోడికూరలో గసాలు పడ్డ వాసన, నూనె చేతులతోనే మేము ఆడే గచ్చకాయలు, లేత మక్కకంకులు కాలి చిటపటలాడే చప్పుడు, ముందురోజే చేసి మూటగట్టిన సర్వపిండిని ఎవరి మూట ఎవరిదో చూడకుండా తినేయడం, తిన్న వెంటనే చెట్టు వేళ్ళ మీద తలపెట్టి నిద్రపోవడం, నిద్రలో కూడా పెద్దవాళ్ళ మాటలు దూరంగా నీళ్ళు పారినట్టు వినబడుతూ ఉండడం. అంత సుఖమైన నిద్ర నాకు మళ్ళీ ఏ పరుపు మీదా రాలేదు.

నేను చెప్పబోయే ఏడాది వాన ముఖం చాటేసింది. బోర్లు దగ్గుతున్నాయి, కంపెనీ నీళ్ళు కలిసే వాగు పక్కన మొలిచిన గడ్డిని బర్రెలు మూతి పెట్టి చూసి వదిలేస్తున్నాయి, పాలకేంద్రంలో క్యాన్లు సగమే నిండుతున్నాయి. ఆ పాలకేంద్రం నడిపేది శంకరయ్య, ఊళ్ళో అందరికంటే ఎక్కువ కిరాయి గదులున్నదీ ఆయనకే. పాలు పోయడానికి వచ్చినవాళ్ళు ఊరి సంగతులన్నీ ఆయన ముందే తేల్చుకునేవాళ్ళు, పొద్దున తేలకపోతే సాయంత్రం పాలకు మళ్ళీ అందుకునేవాళ్ళు. నాయనమ్మ వెంట చెంబు పట్టుకుని నేనూ వెళ్ళేదాన్ని, నురుగు నాకొచ్చని ఆశ.

"ఇగ వంటలు బందు పెడదాం," అన్నాడు శంకరయ్య ఆ పొద్దున. "ఆదివారం గూడ సగం మందికి డ్యూటీనే. పోకుంటె గేటు కాడ ఇంకో మనిషి తయారుగ నిలవడి ఉంటడు. ఎడ్లు లేవు, బండ్లు లేవు. ఎవల కోసం పోవుడు?"

"వాన లేక పంట లేక మనం పరేషాన్ల ఉన్నప్పుడే గద పోవాల్సింది," అంది నాయనమ్మ.

"అవ్వా, అన్నం ఊరు పెడ్తలేదు, కంపెనీ పెడ్తుంది," అని వెనకనుంచి ఎవరో అన్నారు. దానికి కొందరు తలలూపారు, కొందరు ఊపలేదు. బర్రెలు అమ్మేయాలా ఉంచాలా, కంపెనీ మూతబడితే ఏం చేయాలి, కంపెనీ ఉంటే మాత్రం నీళ్ళేం తాగాలి అని మాట ఎటెటో పోయి మళ్ళీ వంటల దగ్గరికే వచ్చింది. వంటలు మానేస్తే ఇంక ఊరంతా ఒక్కచోట కూర్చునే రోజు ఏడాదిలో ఒక్కటీ ఉండదని అందరికీ తెలుసు, అందుకే బందు అనే మాటను ఎవరూ గట్టిగా పట్టుకోలేదు.

"పోదాం, డ్యూటీ ఉన్నోళ్ళు డ్యూటీకి పోతరు," అని శంకరయ్య దిగివచ్చాడు.

"మరి నీ గదులల్ల స్టవ్వులు? అవి గూడ ఆర్పాలె," అంది నాయనమ్మ.

"కిరాయోళ్ళు మనూరోళ్ళా ఏంది? వాళ్ళకు మన కట్టు ఎందుకు? చెప్పినా సమజ్ గాదు."

"పొయ్యి ఎవలదైతేంది, పొగ మనూరిదే గద."

శంకరయ్య వినలేదు, మిగతావాళ్ళకూ ఆ మాట పెద్దదిగా తోచలేదు. కిరాయివాళ్ళకు ఎవరూ ఏమీ చెప్పకూడదని తేల్చారు. ఒక్క పొయ్యి మండినా కట్టు తెగినట్టేనని నాయనమ్మ దారి పొడుగునా గొణుగుతూ వచ్చింది. ఇంటికొచ్చాక అంతకంటే పెద్ద చిక్కు ఎదురైంది. ఆ ఆదివారం మా నాయనకు పొద్దుటి షిఫ్టు పడింది.

"పర్మనెంటు చేస్తమంటున్నరమ్మా. ఇప్పుడు నాగ పెడితె పేరు తీసేస్తరు," అన్నాడు నాయన.

"డ్యూటీకి పోవద్దని నేనంటలేను. రాళ్ళు మాత్రం నువ్వే పెట్టాలె."

"డ్యూటీల ఉంటె రాళ్ళెట్ల పెడ్త?"

"అది నాకెర్క లేదు."

నాయన నవ్వలేదు. కూలికి పోతే కూర, లేకపోతే కారం అన్నట్టు గడిచిన రోజులు ఆయనకు బాగా గుర్తు, ఆ ఉద్యోగం మీద మా అందరి కంచాలూ ఆనుకుని ఉన్నాయి. నాయనమ్మకు ఆ సంగతి తెలియక కాదు. చిన్నపిల్లనైనా నాకు ఆ ఇద్దరిలో ఎవరు ఓడిపోయినా ఏడుపొస్తుందని అర్థమైంది, గచ్చకాయలు పట్టుకున్నానే గాని ఎగరేయలేదు.

ఆదివారం పొద్దున్నే నాయన మమ్మల్ని ఎవరినీ చూడకుండా సైకిలెక్కి వెళ్ళిపోయాడు. మేం చెలకకు చేరాం. నాయనమ్మ మూడు రాళ్ళనూ పక్కన పెట్టుకుని, కొంగు తలమీద కప్పుకుని కూర్చుంది. పొద్దెక్కింది. మిగతావాళ్ళంతా కట్టెలు పేర్చుకుని మా నిప్పు కోసం చూస్తున్నారు, పిల్లలం పచ్చి బియ్యంలో బెల్లం కలిపి నములుతున్నాం.

"జెర నీ మనుమరాలితోనన్న పెట్టియ్యి అవ్వా, పిల్లలు ఆకలికి సస్తున్నరు," అన్నాడు శంకరయ్య.

"వస్తడు," అంది నాయనమ్మ.

అప్పుడు గట్టు మీద మనుషులు కనబడ్డారు. పరుగెత్తుతూ వస్తున్నారు, ముక్కులకు తడి తువ్వాళ్ళు చుట్టుకున్నారు, ముందు మా పరవేశు కాక, వెనక మా ఊరి గదుల్లో ఉండే కిరాయివాళ్ళందరూ, వాళ్ళ వెనక సైకిల్ తొక్కుతూ మా నాయన.

జరిగింది ఇదీ. ఆ వారం కిరాయివాళ్ళందరికీ నైట్ షిఫ్టే పడింది. అది దిగి వాళ్ళు ఊరికి వచ్చేసరికి తొవ్వకు కంప అడ్డం ఉంది. దాటి వస్తే తలుపులన్నీ మూసి ఉన్నాయి, ఏ కప్పు మీదా పొగ లేదు, అరవడానికి కుక్క కూడా లేదు. గ్యాసు లీకైతే అన్నీ వదిలి పరుగెత్తండని కంపెనీలో వాళ్ళకు మాటిమాటికీ చెప్పి ఉన్నారు. ఊరంతా పరుగెత్తి పారిపోయిందని, తమకు ఎవరూ కబురు పెట్టలేదని అనుకున్నారు. వాసన రాని గ్యాసే ఎక్కువ చెడ్డదని ఎవడో అన్నాడట, ఆ పొద్దున గాలి మరీ శుభ్రంగా ఉండేసరికి ఇంకా భయపడ్డారు. తువ్వాళ్ళు తడుపుకుని తిరిగి గేటుకు పరుగు పెట్టారు. అది మా ఊరి వంటలని నాయన చెబుతున్నా సూపర్‌వైజరు వినలేదట, నీ ఊరే కదా, నువ్వే వీళ్ళను వెంటబెట్టుకుపోయి కళ్ళతో చూసి రా, నీ హాజరు ఎటూ పోదని పంపించాడట.

నాయన ఇదంతా చెబుతుంటే మావాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు. పరవేశు కాక నవ్వలేదు. తువ్వాలు ముఖం మీంచి తీసి నాయనమ్మ ముందు నిలబడ్డాడు.

"మాయీ, హమ్ లోగ్ కో కాహే నహీ బతాయా?"

"ఏమంటుండు?" అని నాయనమ్మ నాయనను అడిగింది.

"మాకెందుకు చెప్పలేదని అడుగుతుండు."

నవ్వులు ఆగిపోయాయి. శంకరయ్య మబ్బుల వైపు చూశాడు. నిజంగా గ్యాసే వచ్చి ఉంటే మేము ఇలాగే, ఎవరికీ చెప్పకుండా వచ్చేసి ఉండేవాళ్ళమా అన్న ఆలోచన అక్కడున్న పెద్దవాళ్ళందరి ముఖాల్లో తిరిగింది. నాయనమ్మ ఆ పిల్లగాడి చెయ్యి పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టుకుంది.

"చెప్పలే బిడ్డా, తప్పయింది. పొద్దున స్టవ్వు ముట్టించినవా?"

నాయన హిందీలో అడిగాడు. ముట్టించలేదని, ఎవరమూ ముట్టించలేదని పరవేశు కాక తలూపాడు.

"ఇగ ఊరంత వచ్చింది," అంది నాయనమ్మ. నాయన వైపు తిరిగి, "రాళ్ళు పెట్టు," అంది.

నాయన డ్యూటీ బట్టల్లోనే వంగి రాళ్ళు పెట్టాడు. మోదుగాకు విస్తర్లలో అందరం ఒకే వరసలో తిన్నాం, నాయన గారెల మూట ఒకటి సూపర్‌వైజరు కోసం సైకిలుకు తగిలించుకుని మళ్ళీ డ్యూటీకి పోయాడు. వాన ఆ రోజే వచ్చిందని చెప్పాలని నాకూ ఉంది, కానీ రాలేదు, ఎప్పటికో వచ్చింది, అదీ కొంచెమే. సాయంత్రం నాయనమ్మ పరవేశు కాకకూ ఒక కుండపెంకులో నిప్పులు పోసిచ్చింది. అది దేనికో తెలియకపోయినా, దీపం మోసినట్టు రెండు చేతులతో పట్టుకుని ఇంటిదాకా మా ముందు నడిచాడు.

నాయన పర్మనెంటు అయ్యాడు. నాయనమ్మ పోయాక చెలక అమ్మేశాడు, అక్కడిప్పుడు పొడుగాటి గోడ, గోడలోపల లారీలు. కొన్నేళ్ళు వంటలకు ట్రాక్టర్లలో పోయారు, తర్వాత ఎవరి కారులో వాళ్ళు ఇస్మాయిల్‌ఖాన్‌పేట భవాని గుడికి పోయి ఎవరి వంట వాళ్ళు వండుకున్నారు, ఆ తర్వాత ఎవరూ ఎటూ పోలేదు. ఏ ఏడాది మానేశామో అడిగితే మా వీధిలో ఎవరూ చెప్పలేరు. మానేస్తున్నామని పాలకేంద్రం ముందు ఎవరూ కొట్లాడను కూడా లేదు, అప్పటికి పాలకేంద్రమే లేదు.

పిడకల పొగ వదలకపోయేసరికి లేచి, కుక్కర్ పొయ్యి మీద పెట్టి, వాసన పట్టుకుని డాబా ఎక్కాను. పెరట్లో రేకుల గది పోయినా, పై గదిలో కిరాయికి ఉండేది ఇప్పటికీ పరవేశు కాకే. తల నెరిసింది, కొడుకు సుల్తాన్‌పూర్‌లో సూదులు చేసే కంపెనీకి పోతాడు, కోడలు పిండి పిసుకుతోంది. డాబా మూలన మూడు ఇటుకల మధ్య పిడకలు రాజేసి, వాళ్ళ దేశపు పిండిముద్దలు కాలుస్తున్నాడు ముసలాయన.

"గ్యాస్ అయిపోయిందా కాకా? నన్ను అడగకపోయినవా?"

"గ్యాస్ ఉన్నది బేటీ. ఇయ్యాల ఊరి వంటలు గద, ఇంట్ల పొయ్యి ముట్టియ్యద్దు," అన్నాడు. "ఇన్నేండ్లు మీ చెలక గోడ పక్క ఖాళీ జాగల కాల్చుకున్న. ఈసారి అది గూడ కట్టేసిన్రు. అందుకే గీడికెక్కిన."

కింద మా వంటింట్లో కుక్కర్ కూత వేసింది. కోడలు నవ్వింది, ఆయన నవ్వలేదు. కాలిన ముద్ద ఒకటి బూడిద దులిపి, చిన్నప్పుడు పెట్టినట్టే నా అరచేతిలో పెట్టాడు. వేడికి చేతులు మార్చుకుంటూ తిన్నాను, కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి, పొగ అనుకోమని తల తిప్పుకున్నాను.

"పొద్దుగూకినంక నిప్పు పంపియ్యాల్నా బేటీ?" అని అడిగాడు.

మా ఇంట్లో నిప్పు పెట్టుకునే పొయ్యి లేదు. ఇల్లు కట్టించినప్పుడు వంటింటి గట్టు అంతా నల్లరాయి పరిపించాం, కణికె పెడితే పగిలిపోతుంది.

"పంపియ్యి కాకా," అన్నాను. ఎక్కడ పెట్టుకోవాలో సాయంత్రం చూసుకుంటాను.