తాత లేని ఏడాది స్టార్

నా చిన్నప్పుడు, పక్కింటికి క్రిస్మస్ దగ్గర పడిందని మొదట చెవులకు తెలిసేది, తర్వాత ముక్కుకు. ముందు టేప్‌రికార్డర్‌లో పాటలు మొదలయ్యేవి. ఆ తర్వాత గోడలకు కొట్టిన సున్నం వాసన, గరిజెలు, అంటే కజ్జికాయలు, వేగే నూనె వాసన. అన్నిటికంటే చివర స్టార్. వెదురు బద్దలతో కట్టి, రంగు కాగితం అంటించి, లోపల బల్బు పెట్టి, పొడుగాటి కర్ర చివర మా రెండిళ్ల మధ్య గోడ పక్కన నిలబెట్టేవారు.

మాది నాగిరెడ్డిపేట దగ్గరి పల్లె. పక్కింట్లో నేను వరుస కలిపి అక్క, బావ అని పిలిచే ఇద్దరే ఉండేవారు. బావ ఎల్లారెడ్డిలో బోరు మోటార్లకు వైండింగ్ చేసే షాపులో పనిచేసేవాడు. వాళ్లు క్రైస్తవులు, మేం హిందువులం. అయినా ఆ స్టార్ పనిలో సగం మాదే. వెదురు చీల్చేది మా తాత. ఆ బద్దలను బావ కాలిపోయిన మోటార్ల నుంచి తీసిన రాగి తీగతో బిగించేవాడు. మా నాయనమ్మను ఊరంతా అవ్వ అనేది, నేనూ అలాగే పిలిచేవాణ్ని. ఆమె అక్క పక్కన కూర్చుని గరిజెల అంచులు మలిచేది. వేగిన మొదటి గరిజె ఎప్పుడూ ఆమెదే.

ఒక ఏడు బతుకమ్మకు ముందు తాత చనిపోయాడు. ఇంట్లో మనిషి పోతే ఏడాది దాకా మాకు పండుగ లేదు. నూనె మూకుడు పొయ్యి ఎక్కదు. దసరా, దీపావళి అలాగే వెళ్లిపోయాయి. డిసెంబరు వచ్చేసరికి పక్కింట్లోనూ చప్పుడు లేదు. పాటల్లేవు, వాసనల్లేవు. స్టార్ కర్ర గోడ వెంట నేల మీదే పడి ఉంది. తాత పోయింది మా ఇంట్లో కదా, పండుగ వాళ్లింట్లో ఎందుకు ఆగినట్టు? నాకు అంతుపట్టలేదు.

అవ్వనడిగాను. బియ్యంలో రాళ్లేరుతున్న ఆమె తల ఎత్తలేదు.

“తాత ఉన్నన్ని దినాలు మనోళ్లు. తాత పోయిండు, పని ఒడిసింది. గంతే.”

అప్పటికే ఆమె మధ్యాహ్నాలు గోడ దగ్గర అక్కతో కబుర్లకు కూర్చోవడం మానేసింది. ఎందుకో అప్పుడర్థమైంది.

కానీ ఆ మాట నేను చూసినవాటితో కుదరలేదు. బావ బస్సు దిగినప్పుడు చేతిలో తువ్వాలు కప్పిన స్టీలు డబ్బా ఉంది. అక్క పట్టపగలే తలుపు దగ్గరకు వేస్తోంది. లోపల కాగితం గరగరలాడుతోంది. పండుగే లేకపోతే ఆ డబ్బా ఏమిటి, ఆ కాగితం ఏమిటి? ఉండబట్టలేక ఒక ఆదివారం తలుపు తోసుకుని లోపలికి వెళ్లాను.

ఇద్దరూ నేల మీద కూర్చుని గుసగుసగా మాట్లాడుకుంటూ స్టార్ కడుతున్నారు. బావ చీల్చిన బద్దలు ఒకటి లావు, ఒకటి సన్నం. స్టార్‌కు ఒక కాలు మిగతావాటికంటే పొడుగొచ్చింది.

“గిది స్టారా, తేలా?” అని అక్క వెక్కిరిస్తోంది. నన్ను చూసి ఇద్దరూ ఆగిపోయారు.

“టేప్ ఎందుకు పెడ్తలేరు బావా?”

“మీ ఇంట్ల తాత పోయిండు. అవ్వ గట్ల కూసోని ఉంటే మేం పాటలు పెట్టుకుంటమారా?”

గరిజెల వాసన మా ఇంటికి రాకూడదని ఎల్లారెడ్డిలో అక్క వాళ్లమ్మ దగ్గర చేయించి తెచ్చారట. స్టార్‌ను కూడా ఈసారి ఇంట్లోనే, మంచం పక్కన పెట్టుకుంటారట.

“అవ్వకు చెప్పకు. మనసు కష్టపెట్టుకుంటది,” అంది అక్క.

ఆమెను కష్టపెట్టొద్దని వీళ్లు దాస్తున్నారు. దాచినందుకే ఆమె మనసు కష్టపెట్టుకుంటోంది. రెండు వైపులా తెలిసింది నాకొక్కడికే. నేరుగా వెళ్లి అవ్వకు అంతా చెప్పేశాను.

కోప్పడుతుందో, ఏడుస్తుందో అని చూస్తున్నాను. ఆమె లేచి, చూరులో దోపి ఉన్న, తాత వెదురు చీల్చే కత్తిని తీసింది. తాత పోయాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. పట్టుకుని పక్కింట్లోకి నడిచింది. కత్తి బావ ముందు పెట్టి, డబ్బా మూత తీసింది.

“ఏమే, గివేం గరిజెలే? అంచులు పగిలి లోపలి పొడంత బయట పడ్డది. మీ అమ్మకు మలుసుడు ఎవ్వరు నేర్పలేదా?”

అక్క నవ్వబోయి ఏడ్చేసింది. “మీ ఇంట్ల మూకుడు పెట్టొద్దు కదా అవ్వా, అందుకనే...”

“మా పొయ్యి మీద పెట్టొద్దు. నీ పొయ్యికి ఏమడ్డం? పిండి కలుపు. మీరు గుసగుసలాడితే మా ముసలోడు తిరిగొస్తడా?”

ఆ మధ్యాహ్నం పక్కింట్లో నూనె కాగింది. వేగిన మొదటి గరిజెను అక్క అవ్వ చేతిలో పెట్టింది. అవ్వ దాన్ని నెమ్మదిగా, చివరి ముక్క దాకా తిన్నది.

బావ కత్తి అందుకుని పొడుగు కాలును సరిచేయబోతే అవ్వ ఆపింది.

“ఉండనియ్యి. ఆయన లేని ఏడు గిట్లనే ఉండాలె. కత్తి నీ దగ్గర్నే పెట్టుకో, వచ్చే ఏటికి నేర్చుకో.”

చీకటి పడేసరికి స్టార్ గోడ పక్కన వెలిగింది. దాని పొడుగు కాలు మా వాకిలి వైపు తిరిగి ఉంది.

ఇప్పుడు నేను కామారెడ్డిలో ఉంటున్నాను. తెలిసినవాళ్ల ఇల్లు ఉన్నట్టుండి నిశ్శబ్దమైతే, కారణం నాకు తెలుసని అనుకోను. వెళ్లి తలుపు తట్టి అడుగుతాను. కొందరు వింతగా చూస్తారు. అయినా తడతాను.