చెల్లెలి వ్యాసంలో నేను దిద్దని తప్పు

ఎక్కడో దూరాన ఒక నక్షత్రం కూలిపోతూ గామా కిరణాలు చిమ్మిందని ఈ ఉదయం పేపర్లో చదవగానే, రెండువేల సంవత్సరం దాటిన ఆ తొలి రోజుల్లో, కర్నూలు కాలేజీలో నేను ఫిజిక్సు లెక్చరరుగా ఉన్నప్పుడు, మా చిన్నమ్మ కూతురి మీద పెంచుకున్న అసూయ గుర్తొచ్చింది.

మైదుకూరులో బట్టల కొట్టు నడిపే ఇంటి పిల్ల, మా కాలేజీలోనే కొత్తగా లెక్చరరుగా చేరింది. పదిహేనేళ్లుగా పాఠాలు చెబుతున్న నన్ను దాటుకుని పిల్లలు సందేహాలతో ఆమె దగ్గరికే పోతుంటే పైకి నవ్వుతూ లోపల ఉడికిపోయేవాణ్ణి. ఆ కిరణాల వెలుగు నిలకడగా ఉండక ఎగుడుదిగుడుగా ఎందుకు మెరుస్తుందో ఆమె చెప్పే తీరే వేరు. నక్షత్రం నుంచి దూసుకొచ్చే ధార పొరలు పొరలుగా వస్తుందనీ, ముందు బయల్దేరిన నిదానపు పొరను వెనకొచ్చే వేగపు పొర, కడప రోడ్డు మీద పల్లె బస్సును ఎక్స్‌ప్రెస్ అందుకున్నట్టు అందుకుని గుద్దుకుంటుందనీ, ఆ తాకిడిలో పుట్టే షాక్‌వేవ్ వల్లే ఒక్కో మెరుపు వస్తుందనీ చెప్పేది. అన్నేళ్లలో నాకు ఆ పోలిక ఒక్కసారైనా తట్టలేదు.

సెమినార్ కోసం రాసిన వ్యాసాన్ని ముందురోజు నా చేతికిచ్చి, "ఒకసారి చూడన్నా, తప్పులుంటే చెప్పు," అంది. తప్పు వెంటనే కనబడింది. పొరల శక్తంతా వెలుగవుతుందని రాసింది. నిజానికి వాటి వేగాల మధ్య తేడా ఎంతో, అందుకు తగ్గ కొంత శక్తే వెలుగవుతుంది, మిగిలిందంతా ధారతోపాటే సాగిపోతుంది.

"శానా బాగుండాదమ్మా," అని కాగితాలు తిరిగిచ్చేశాను.

సభలో ఒక పెద్దాయన సరిగ్గా అదే పట్టుకున్నారు. "గుద్దుకున్నాక కూడా పొరలు ముందుకే పోతాండాయి కదమ్మా, శక్తంతా వెలుగెట్లయితాది?"

ఆమె సుద్దముక్కతో బోర్డు ముందు నిలబడిపోయింది. నేను కోరుకున్న క్షణం అదే. ఆమె మాత్రం తడబడకుండా, "నాకు తెలీదు సార్. మా అన్నకు తెలిసుంటాది," అంటూ నా వైపు తిరిగింది. తెలీదని అంత తేలిగ్గా అనగలిగినందుకు అప్పుడూ నాకు అసూయే కలిగింది. లేచి తడుముకోకుండా జవాబు చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు.

బయటికొచ్చాక, "నిన్ననే చెప్పింటే దిద్దుకుందును కదన్నా," అంది మెల్లగా.

ఆ తర్వాత ఆమె వేరే ఊరికి పోయి పరిశోధనలో పెద్ద పేరు తెచ్చుకుంది. ఈ కాలం పిల్లలు సందేహమొస్తే ఫోన్‌లో వెతుక్కుంటారు, మనసులో ఏముందో తెలియని మనిషి ముందు చేయి చాచనక్కర్లేదు. పండగలకు ఆమె ఇప్పటికీ ఫోన్ చేసి నా మోకాళ్ల నొప్పి గురించి ఆప్యాయంగా అడుగుతుంది. ఏం రాస్తోందో మాత్రం చెప్పదు. ఆమె వ్యాసాలను నేనూ అందరిలాగే అచ్చయ్యాకే చదువుకుంటున్నాను.