మోపెత్తే మనిషి

వర్ని అడవిలో కట్టెలు ఏరుకోవడానికి సర్కారువారు ఇచ్చిన పర్మిట్టును శారమ్మ గౌరవించినంతగా అటవీ శాఖలో కూడా ఎవరూ గౌరవించి ఉండరు. ఆమెకు చదువు రాదన్నది వేరే సంగతి. పాస్టరుగారితో చదివించుకుని కంఠస్థం చేసింది. నేల రాలిన ఎండుకట్టె మాత్రమే, నెత్తిమోపు మాత్రమే. గొడ్డలి తేరాదు, పచ్చిది ముట్టరాదు. చర్చిలో లేచి సాక్ష్యం చెప్పే మనిషి కనుక ఆ ముక్కలకు దైవాజ్ఞల హోదా దక్కింది.

ఆమె జంట హన్మవ్వ. ఆమెకూ పర్మిట్టు ఉండేది. వక్కాకుల సంచిలో మడిచి పెట్టుకునేది, అంతకుమించి మర్యాద చేసేది కాదు. ఇద్దరూ కలిసి వెళ్లడం స్నేహం ఒక్కదానికే కాదు. నిండు మోపును నెత్తికెత్తుకోవడం ఒంటిమనిషి వల్ల కాదు. ముందు శారమ్మ మోపును ఇద్దరూ పట్టి ఆమె నెత్తిన పెట్టేవారు. తర్వాత హన్మవ్వ తన మోపును పుట్టకు ఆనించి కిందికి దూరితే, శారమ్మ నెత్తిన తన మోపుతోనే ఒక చెయ్యి అందించేది.

అది చెరకు బండ్లు బోధన్ చక్కెర ఫ్యాక్టరీ దారి పట్టే కాలం. బండ్లవాళ్ల చాయ్‌కి హోటళ్లలో ఎన్ని కట్టెలున్నా చాలవు. ఆ రోజు ఇద్దరూ ఆశకొద్దీ పెద్ద మోపులు కట్టబోయారు. శారమ్మ తాడు పుటుక్కున తెగింది.

"నా తాడు తీస్కో పిల్లా," అంది హన్మవ్వ.

"మరి నీకో అక్కా?"

"గింత అడివిల నారకు కరువా?" అంటూ హన్మవ్వ మోదుగ కొమ్మ నుంచి పచ్చి నార చీల్చి తన మోపు బిగించింది.

"పచ్చిది ముట్టొద్దన్నరు గదక్కా!"

"నడువు. సర్కారు మునిగిపోదు."

అడవి అంచున గార్డు బాపురావు చాయ్ తాగుతున్నాడు. పక్కనే పై అధికారి జీపు ఆగి ఉంది కనుక లేచి నిలబడి మరీ అడిగాడు: "అంతా ఎండుదేనా?"

ఈ ప్రశ్నకు అడవి పుట్టినప్పటి నుంచి ఒకటే జవాబు. హన్మవ్వ అది చెప్పేసింది కూడా: "ఎండుదే సారూ."

"కట్టెలు ఎండుయే సారూ," అంది శారమ్మ. "అక్క మోపుకు కట్టిన నారే పచ్చిది."

బాపురావు ముఖం వాడిపోయింది. "నిన్నెవరు అడిగిండ్రు అవ్వా?" అని గొణిగాడు. కానీ జీపులో కూర్చున్న చెవులు వినేశాయి. హన్మవ్వ మోపు అక్కడే దిగింది, పర్మిట్టు రద్దయింది. హన్మవ్వ తాడుతో కట్టిన శారమ్మ మోపు మాత్రం, చట్టం దృష్టిలో మచ్చలేనిదై, ముందుకు సాగింది.

"సాక్ష్యం మంచిగ జెప్పినవ్ పిల్లా," అంది హన్మవ్వ దారిలో. "చర్చిల గూడ గింత గట్టిగ జెప్పకపోతివి." ఆ రోజు నుంచి శారమ్మతో మాట మానేసింది. పసుపు ఉడకబెట్టే కూలికి పోవడం మొదలుపెట్టింది.

సత్యం పలికినందుకు పాస్టరుగారు మెచ్చుకున్నారు గానీ, మోపెత్తడానికి అడవికి రాలేదు. మిగతా ఆడవాళ్లకు ఎవరి జంట వాళ్లకుంది. శారమ్మ మోపు ఒంటిచేతికి లొంగేంతగా చిక్కిపోయింది. "గిది మోపా అవ్వా, చీపురా?" అన్నాడు హోటలు రామ్‌దాస్.

నిజం చెప్పినందుకు ఆమెకు దిగులు లేదు. సగమే చెప్పినందుకు. నార పచ్చిదన్నది గానీ, తన తాడు తెగినందుకే హన్మవ్వ ఆ నార కట్టిందని అనలేదు. ఆ మాట ఆ క్షణాన నోటికి రాలేదు. ఆ తర్వాత నోటిని వదల్లేదు.

ఒక సాయంత్రం మోపుతో నేరుగా హన్మవ్వ గుమ్మం ముందు నిలబడింది. నెత్తిన బరువుతో వచ్చిన మనిషిని చూస్తూ కూర్చోవడం ఆ వాడలో ఎవరికీ చేతకాదు. హన్మవ్వ లేచి మోపు దించింది.

"గిది నీకే అక్కా. నా తాడు తెగిందని గా దినం సారుకు జెప్పాల్సి ఉండె."

"ఉండె," అంది హన్మవ్వ.

కాసేపు మోపు వంక చూసింది. "వంగు," అంది.

శారమ్మ వంగింది. హన్మవ్వ మోపును రెండు చేతులా లేపి, తూకం చూసి, కొంచెం ఎడమకు జరిపి, ఆమె నెత్తిన పెట్టింది.

"పో పిల్లా, పొద్దువోతుంది," అని లోపలికి వెళ్లి తలుపు దగ్గరకు వేసుకుంది.

అంత కుదురుగా మళ్లీ ఎవరూ శారమ్మ నెత్తిన మోపు పెట్టలేదు.