పావు చుట్టు

ఘానా దేశంలోని కుమాసీ ఊళ్ళో సువామె మ్యాగజీన్ అనే బండ్ల రిపేరు షెడ్ల పేట ఉంది. అక్కడ మేస్త్రీ అంపొన్సా కుడిచేతికి ఉన్నంత పేరు ఆయన మొహానికి లేదు. ఇంజను విప్పడం, కడగడం, అరిగిన ముక్కలు మార్చడం, మళ్ళీ కూర్చడం, ఇవన్నీ షెడ్డులో మనుషులు చేసేవారు. అంతా అయ్యాక, బండి యజమాని బల్లమీద కూర్చుని ఎదురు చూస్తుంటే, ఉతికిన చొక్కా వేసుకుని అంపొన్సా లేచి వచ్చేవాడు. పానా కాడకి మూరెడు ఇనుప గొట్టం తొడిగి, ఇంజను హెడ్డు బోల్టులన్నింటికీ తలా ఒక్క లాగు లాగేవాడు. బోల్టు కిర్రుమనేది. యజమాని తృప్తిగా తల ఊపేవాడు. దానికి మేస్త్రీ ఆఖరి పట్టు అని పేరు. ఆ పట్టు పడనిదే బండి తీసుకెళ్ళడానికి ఎవడూ ఒప్పుకునేవాడు కాదు.

"ఇనుము మంచిగా చెబితే వినదయ్యా, ఏడిపించాలి" అనేవాడు అంపొన్సా, చెయ్యి తుడుచుకుంటూ.

ఏడిపించగా ఏడిపించగా కొన్ని బోల్టులు పుటుక్కున విరిగేవి. సగం చేతికొచ్చేది, సగం ఇంజను లోపల ఉండిపోయేది. ఆ సగాన్ని తొలిచి తియ్యడానికి రెండు మూడు రోజులు పట్టేది. తప్పు చైనా బోల్టుదో, అంతకు ముందు బండి చూసిన మేస్త్రీదో అయ్యేది. ఒకసారి యజమాని అత్తగారి దిష్టిది కూడా అయింది. చేతిది మాత్రం ఎన్నడూ కాలేదు.

ఆ షెడ్డులోకి పని నేర్చుకోవడానికి వచ్చింది పొకువా. వచ్చినప్పుడు ఆమెకి పందొమ్మిదేళ్ళు. బోల్టు మరలు బ్రష్షుతో శుభ్రం చేసి, చుక్క నూనె వేసి, మధ్యనుంచి అంచులకి వరస తప్పకుండా, మూడు విడతలుగా కొంచెం కొంచెం బిగించేది. పాత సామాన్ల బజారులో ఒక ముల్లు పానా కూడా కొనుక్కుంది. ఎంత బలం పడుతోందో దాని ముల్లు చూపిస్తుంది.

"ఏంటే ఇది, ఇంజనుకి జ్వరం చూస్తావా?" అని అడిగాడు అంపొన్సా. షెడ్డంతా నవ్వింది.

మొదటి ఏడాదే ఒకరోజు ఆమె నోరు జారింది. "చాలు మేస్త్రీ, ఇది సరిగ్గా ఉంది, ఇంక లాగితే విరుగుద్ది" అంది, యజమాని ముందే. అది విరిగింది కూడా. అందుకు శిక్షగా నెల రోజులు తుక్కు బోల్టులు ఏరుతూ కూర్చుంది. విరగడం బోల్టు తప్పు, విరుగుతుందని ముందే చెప్పడం ఆమె తప్పు.

కూర్చుని ఆలోచించింది. ఆయన లాగు ఎప్పుడూ ఒక్కటే, పావు చుట్టు. అప్పటినుంచి హెడ్డు బిగించే పని తనే పెట్టుకుని, ప్రతి బోల్టునూ బిగించాల్సిన చోటికి పావు చుట్టు ముందే ఆపేసేది. మేస్త్రీ వచ్చి, ఊపిరి బిగబట్టి, నరాలు ఉబ్బించి లాగితే బోల్టు సరిగ్గా రావలసిన చోటికి వచ్చి ఆగేది. ఇంక ఆ షెడ్డులో బోల్టు విరగలేదు. అంపొన్సా చేతి పేరు ఎక్కడో ఉత్తరానున్న తమాలే ఊరి దాకా పాకింది.

ఇందులో తిరకాసు ఒక్కటే. పని నేర్చినవాళ్ళ నెత్తిన మేస్త్రీ పౌడరు చల్లి, దీవించి పంపితేగాని సొంత షెడ్డు పెట్టుకోకూడదు. పొకువా తరవాత వచ్చిన ఆరుగురు పౌడరు చల్లించుకుని వెళ్ళిపోయారు. ఆమె అడిగినప్పుడల్లా అంపొన్సా ఒకటే మాట.

"నువ్వు బిగించింది నా చేతికి ఇంకా తిరుగుతోందమ్మాయ్. నీ చేతికి బలం చాల్లేదు."

అలా పదకొండేళ్ళు గడిచాయి. ఆయన పరువు కాపాడే పావు చుట్టే ఆమె మెడకి ఉరై కూర్చుంది. రాత్రుళ్ళు కడుపు మండి ఏడ్చిన సంగతి ఆమెకీ తలగడకీ తెలుసు.

చివరికి ఆమె పిన్ని దుఫీ పూనుకుంది. దుఫీ బజారులో కెంకే అనే మొక్కజొన్న ముద్దలు అమ్ముతుంది, ఆవిడ గొంతుకి బజారు బజారే దారిస్తుంది. పొకువా కోసం రోడ్డు పక్కన ఇనుప రేకుల కొట్టు ఒకటి అద్దెకి చూసి పెట్టింది. ఈస్టరు లోపల తెరవకపోతే దాన్ని టైర్లవాడికి ఇచ్చేస్తానన్నాడు కొట్టు యజమాని. దుఫీ ఆచారం ప్రకారం సారా సీసా పట్టుకుని అంపొన్సా దగ్గరికి వెళ్ళింది. ఆయన సీసా తీసుకున్నాడు. తీసుకుని పరీక్ష పెట్టాడు.

"నా పెజో బండి హెడ్డు బిగించమను. అందరి ముందూ నేను పట్టి చూస్తా. ఒక్క బోల్టు తిరిగినా ఇంకో ఏడాది ఉండాల."

శనివారం పొద్దున పేట సగం అక్కడే ఉంది. పొకువా బిగించింది. చివరి విడతలో ఇంకా పావు చుట్టు ఉందనగా ఆమె చెయ్యి అలవాటుగా ఆగింది. ఆపేస్తే బండి బతుకుతుంది, కొట్టు పోతుంది. ఆమె ముల్లు వంక చూసి, ముల్లు చెప్పినంతా బిగించింది. పది బోల్టులూ అలాగే బిగించి లేచి నిలబడింది.

"సరిపోయింది మేస్త్రీ. ఇంక తిప్పితే విరుగుద్ది. బండి మీదే, మీ ఇష్టం."

అంపొన్సా నవ్వి పానా తగిలించాడు. బోల్టు కదల్లేదు. గొట్టం తొడిగాడు. కదల్లేదు. అంతమంది చూస్తున్నారు, పైగా ఉతికిన చొక్కా. కాలు బండికి తన్నిపెట్టి, బరువంతా వేసి లాగాడు.

"చూశారా, తిరిగింది" అన్నాడు సంబరంగా. అంటూనే గొట్టంతో సహా వెనక్కి వెళ్ళి టైర్ల మీద పడ్డాడు. పానాలో బోల్టు తలకాయ ఉంది.

దుఫీ దాన్ని తీసి గౌనుకి తుడిచింది. "తిరగడమంటే ఇదా అన్నా? సరే, నేను బజారుకే పోతున్నా. ఈ తలకాయ కెంకే బుట్టమీద పెట్టుకుని కూచుంటా. అడిగినోళ్ళకి ఎవరి చెయ్యో చెబుతా."

అంపొన్సా పౌడరు డబ్బా తెమ్మన్నాడు. నెత్తిన చల్లుతూ పెద్ద ప్రసంగమే చేశాడు. ఈ పిల్ల చేతికి ఇన్నాళ్ళకి బలం వచ్చిందనీ, ఆ బలం తను పోసిందేననీ చెప్పాడు. విరిగిన సగాన్ని పొకువాయే తొలిచి తీసింది. ఈస్టరుకి ముందే కొట్టు తెరిచింది.

రెండు నెలలు తిరగకుండా ఆమె కొట్టు ముందు బళ్ళు బారులు తీరాయి. సగం బళ్ళలో బోల్టులు విరిగి ఉన్నాయి, అన్నీ ఒకే షెడ్డునుంచి వచ్చినవి. ఒకరోజు ఆ షెడ్డు మేస్త్రీయే వచ్చాడు, చొక్కా నలిగి ఉంది.

"నువ్వు పోయినకాడి నించీ బోల్టుల్లో నాణ్యత పోయిందమ్మాయ్" అన్నాడు బల్లమీద కూలబడి. "నువ్వున్నన్నాళ్ళూ ఒక్కటి విరగలేదు. ఎక్కడ కొనేదానివి?"

పొకువా చేతిలో పని పక్కన పెట్టింది. మనసులో పదకొండేళ్ళుగా దాచిన మాట బయటపెట్టింది. "ఎక్కడా కొనలేదు మేస్త్రీ. మీ లాగుకని పావు చుట్టు వదిలేదాన్ని."

"ప్రతిదానికీనా?"

"ప్రతిదానికీ."

అంపొన్సా తన కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని తిప్పి తిప్పి చూసుకున్నాడు. పొకువాకి ఆయన మీద మొదటిసారి జాలేసింది. గోడనున్న ముల్లు పానా తీసి ఆయన చేతికివ్వబోయింది.

ఆయన దాన్ని తీసుకోలేదు. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించాడు.

"ఆ వదలడమేదో మా వాళ్ళకి కూడా నేర్పించి పోదువు, రేపోసారి రా."